ఆల్చిప్పల చెల్లికి ఓ రాకెట్

బ్యూనస్ ఐరిస్, కబాయితో పేట
మార్చి, రెండో ఆదివారం

పూజ్యులైన బిలాన్ వదినగారికి,

మీ మరదలు యాన్‌చ్యూ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడం ఆనవాయితీ కాబట్టి ఆ ముక్క రాసేశాను. ఇక కులాసా సంగతి వదిలేసి అసలు సంగతికి వస్తాను.

ఫోన్లుండగా ఈ కాగితమేమిటని మీరు అనుకుంటారు. మా ఫోన్ కొట్లో గల్లాపెట్టె పక్కన పడి ఉంటుంది. నేనూ చూస్తాను, మీ తమ్ముడూ చూస్తారు. ఇది ఆయన చూడకూడని మాట. అందుకని ఊరికి వెళ్తున్న మీ గావ్‌షాన్ మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. మీవాళ్ళు వారానికొకరైనా విమానం ఎక్కుతూనే ఉంటారు కదా, పోస్టాఫీసుతో పనేముంది.

సంగతేమిటంటే, మీ తమ్ముడు నన్నూ కొట్టునూ వదిలేసి చైనాకి తిరిగొచ్చేస్తున్నారు.

ఊరికే అనడం లేదు. మొన్న గురువారం ఆయన ఎవరికో ఉల్లిపాయలు తూస్తున్నారు. ఫోన్ మోగితే నేను చూశాను. దాని మీద ఇలా ఉంది: "స్వదేశాగమనం. సంవత్సరానికి సొమ్ము అందింది. మీరు క్షేమంగా స్వదేశం చేరుకున్నారు." మనిషేమో నా ఎదురుగా ఉల్లిపాయలు తూస్తున్నారు. ఫోనేమో ఊరు చేరిపోయారంటోంది. అంటే టిక్కెట్టు కొనడమే కాదు, ప్రయాణం కూడా వాళ్ళ లెక్కలో అయిపోయిందన్నమాట.

"ఏమండీ, ఇదేమిటి?" అని అడిగాను.

"ఏం లేదు. ఇంటికి దారి" అన్నారు.

"ఎవరికి?"

"నాకే. నువ్వూ కావాలంటే రావచ్చు" అని మళ్ళీ ఉల్లిపాయల మీద పడ్డారు.

కావాలంటే రావచ్చట. పెళ్ళాంతో అనే మాటేనా ఇది? ఆ సొమ్ము కూడా తిన్నగా కట్టలేదు. చైనా వీధిలో ముసలి క్వే అని ఒకాయన ఉన్నాడు, ఆయన ద్వారా కట్టించారు. దాపరికం లేకపోతే మధ్యలో మనిషెందుకు?

నేను జియాంగ్‌షీ పిల్లనని, మీ సముద్రపు భాష రాదని, మీకు మొదట్నుంచీ నా మీద అంత గురి లేదని నాకు తెలుసు. కానీ ఈ కొట్టులో సగం చెమట నాది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అసలు మొగుడు నిజం చెప్పడం లేదు కాబట్టి ఆ సగం మొగుడైనా చెప్పాలి. గది ఊడ్పించమని మీకేమైనా కబురు పెట్టారా? పెట్టి ఉంటే నాకు దాచకండి.

ఇట్లు,
మీ మరదలు
యాన్‌చ్యూ

తా.క.: ఇక్కడి పాలకోవా ఒక డబ్బా పంపుతున్నాను. అందినప్పుడు మూతకి వేసిన టేపు ఉందో లేదో రాయండి. ప్రస్తుతం నేనెవర్నీ నమ్మడం లేదు.


గావ్‌షాన్, ఫూచింగ్
మార్చి ఆఖరు

చిరంజీవి సౌభాగ్యవతి యాన్‌చ్యూకి,

వదిన బిలాన్ దీవించి రాసేది. నీ ఉత్తరం చదివి ముందు కంగారుపడ్డాను, తర్వాత నవ్వుకున్నాను, ఆ తర్వాత నువ్వు నన్ను సగం మొగుడన్నావు కాబట్టి మళ్ళీ మొహం ముడుచుకుని ఇది రాస్తున్నాను.

ఓసి పిచ్చిమొహమా, మనిషి రావడం లేదే. వస్తున్నది వాడి ఫోను.

మన సీరియళ్ళూ, పాటలూ, లైవ్‌లూ ఇక్కడున్నవాళ్ళకే. బయటి దేశంలో తెరిస్తే "హక్కుల కారణంగా మీ ప్రాంతంలో లభించదు" అని ఒక బూడిదరంగు పలక వస్తుంది. పుట్టిన ఊరి పాట వినడానికి కూడా నీకు హక్కు లేదు పొమ్మంటుంది. అందుకని ఈ స్వదేశాగమనం అనే యాప్ ఒకటి తయారుచేశారు. అది మీ ఫోన్‌ని చెయ్యి పట్టుకుని ఇక్కడిదాకా నడిపించుకొచ్చి, ఇదిగో ఈయన ఇక్కడే ఉన్నాడు, తలుపు తియ్యండి అని బుకాయిస్తుంది. బయటున్న మనవాళ్ళంతా ఇలాగే దొడ్డిదారిన ఇంట్లోకొస్తున్నారు.

ఇక క్వే సంగతి. ఆ యాప్‌కి సొమ్ము ఇక్కడి బ్యాంకు కార్డుతో కట్టాలి. వాడి కార్డు ఏనాడో చచ్చిపోయింది. బతికించాలంటే స్వయంగా బ్యాంకు మెట్లెక్కి మొహం చూపించాలి. అందుకని క్వే లాంటివాళ్ళు మీ దగ్గర పెసోలు పుచ్చుకుని, తమ వాలెట్లోంచి ఇక్కడ కడతారు. మధ్యలో కాస్త నాకుతారు. అది దాపరికం కాదు, వాళ్ళ బతుకుతెరువు.

కాబట్టి ఏడుపు ఆపి ఉల్లిపాయలు అమ్ముకో. వాడొస్తానన్నా ఇక్కడ పడుకోవడానికి చోటు లేదు. వాడి గది నిండా నా వలలూ బుట్టలూ దీపాలూ ఇంకేవేవో సామాన్లున్నాయి.

ఇక నీ మీద గురి లేదన్నమాట. పెళ్ళినాడు నువ్వు పంపిన ఫోటోలో కొంచెం బక్కగా ఉన్నావని అన్నాను, అంతే. అది ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నావంటే మనిషివి గట్టిదానివే.

ఆశీస్సులతో,
మీ వదిన
బిలాన్

తా.క.: ఇవన్నీ నీకెలా తెలుసని అడగకు. పక్కింటివాళ్ళు చెప్పారు. వాళ్ళకెలా తెలుసో వాళ్ళనే అడగాలి.

మరో తా.క.: డబ్బా మీద టేపు ఉంది. లోపల కోవా సగమే ఉంది. టేపు వేసింది నువ్వేనా?


బ్యూనస్ ఐరిస్
ఏప్రిల్, వానరోజు

పూజ్యులైన వదినగారికి,

యాన్‌చ్యూ నమస్కరించి రాసేది. మీ ఉత్తరం చదివాక గుండెల మీంచి బండ దిగింది. ఆ రోజు ఆయనకి ఇష్టమని చిలగడదుంప పిండితో ఉండలు చేసి పెట్టాను. ఎందుకు చేశావని ఆయన అనుమానంగా అడిగారు. ఈ ఇంట్లో అనుమానం ఒకరి సొత్తు కాదు.

బండ దిగింది కానీ, దాని కింద ఇంకో బండ ఉందని తర్వాత తెలిసింది. ఫోను ఊరికెళ్తోంది సరే. వెళ్ళి ఏం చేస్తోంది?

రోజూ పొద్దున కొట్టు తెరిచిన కాసేపటికి, మీకక్కడ రాత్రి భోజనాల వేళకి, "సరుకు చూసొస్తా" అని ఆయన, ఇక్కడివాళ్ళు టీలా కాచుకు తాగే మాతే ఆకు బస్తాల వెనక్కి పోతారు. ఆ సరుకేమిటో నేనూ చూద్దామని చెప్పులు విప్పి వెనకే వెళ్ళాను. బస్తా మీద కూర్చుని, చెవిలో తీగ పెట్టుకుని, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటున్నారు. వంగి చూశాను.

ఆడమనిషి.

ఒలిచిన కోడిగుడ్డులాంటి మొహం. ఇంతింత కళ్ళు. పేరు ఆల్చిప్పల చెల్లి. కత్తితో టకటకా ఆల్చిప్పలు తెరుస్తూ, మీ ఊరి భాషలో ఏవో కబుర్లు చెబుతూ, మధ్యమధ్య పాడుతూ ఉంటుంది. చూసేవాళ్ళు డబ్బు పోసి కొన్న బొమ్మ కానుకలు ఆవిడ మీదకి విసురుతుంటారు. గులాబీలు, గొడుగులు, అన్నిటికంటే ఖరీదైనది రాకెట్. మీ తమ్ముడు అక్కడ "ఉప్పు లేని సముద్రం" అనే పేరుతో ఉన్నారు. ఇక్కడి నది సముద్రమంత ఉంటుంది, కానీ ఉప్పుండదని ఎప్పుడూ అంటుంటారు. నేను చూస్తుండగానే ఆయన రాకెట్ వదిలారు. తెరంతా మంటలు. ఆవిడ కత్తి పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, నాకు కూడా అర్థమయ్యేలా అందరి భాషలో, "ఉప్పు లేని సముద్రం పెద్దన్నయ్యా, మీ మేలు మరువను" అంది.

పెద్దన్నయ్యట. నేను నిన్న పుట్టలేదు వదినా. లైవ్‌ల్లో ప్రతి ఆడపిల్లా పర్సున్న ప్రతివాణ్ణీ పెద్దన్నయ్యా అనే అంటుంది.

"ఎవరావిడ?" అన్నాను.

"ఎవరో. ఆల్చిప్పలు ఒలుస్తుంది" అన్నారు.

"మనం ఆల్చిప్పలు అమ్మం కదండీ."

"అందుకే చూస్తున్నా" అన్నారు.

ఆవిడ పాట ఒకటి నా ఫోన్లో పట్టుకుని, మా కొట్టుకి గుడ్లు తెచ్చి వేసే మీ ఫూచింగ్ ఆయనకి వినిపించాను, అర్థం చెప్పమని. ఆయన మొత్తం విని, కళ్ళు తుడుచుకుని, గుడ్ల లెక్క తప్పి ఒక అట్ట ఎక్కువిచ్చి వెళ్ళిపోయాడు. విన్నవాడు సిగ్గుతో ఏడ్చాడంటే అది ఎంత ఘోరమైన పాటో మీరే ఆలోచించండి.

ఆవిడ మీ వైపు మనిషి. మీకు తెలియని గడప అక్కడ లేదు. ఎవరో, ఏ ఇంటిదో, మొగుడున్నాడో లేడో, మా ఆయన్ని ఎక్కడిదాకా లాగిందో కనుక్కుని రాయండి. పాట మాటలు నాకు వినిపించినట్టు వేరే కాగితం మీద రాసి పెట్టాను.

ఇట్లు,
కంటికి కునుకు లేని
మీ యాన్‌చ్యూ

తా.క.: ఆవిడ గడ్డం ఎంత సన్నగా ఉందంటే, కత్తెందుకో నాకు అర్థం కాలేదు. గడ్డంతోనే ఆల్చిప్పలు తెరవొచ్చు.


గావ్‌షాన్
ఏప్రిల్ చివర

చిరంజీవి యాన్‌చ్యూకి,

వదిన బిలాన్ దీవెనలు. నీ ఉత్తరం అందింది. చదువుతూ నిలబడ్డదాన్ని కూర్చున్నాను.

ముందొకటి అడుగుతాను. ఆ పేరు ఉప్పు లేని సముద్రమేనా? ఉప్పు లేని చెరువో, ఉప్పున్న సముద్రమో కాదు కదా? సరిగ్గా చూశావా? ఆ రాకెట్ వదిలింది వాడి వేలేనా, పక్కవాడిది కాదు కదా? జవాబు తొందరగా రాయి. ఇది చాలా ముఖ్యం. అంటే నీకు.

ఇక ఆ మనిషి గురించి వాకబు చేశాను. నువ్వనుకునే రకం కాదని తేలింది. వయసు మళ్ళిన మనిషట. మొగుడు పోయాక ఎవరి ముందూ చెయ్యి చాపకుండా ఒళ్ళొంచి బతుకుతోందట. నోరు కొంచెం పెద్దదే కానీ మనసు వెన్న అని అందరూ అంటున్నారు. ఆవిడ ఆల్చిప్పల్లో ఇసుక ఉండదట. ఇలాంటి మనిషిని అనుమానించడం కళ్ళు పోయే పని.

పెద్దన్నయ్యా అనడం అక్కడి మర్యాద. కూరగాయలమ్మేవాడు నిన్ను అమ్మా అంటే వాడు నీ కొడుకైపోతాడా? ఆవిడకి ఆ సముద్రమెవరో తెలియదు, తెలిసే వీల్లేదు. తెలిస్తే, పాపం, ఆవిడ గతేమిటో నేను ఊహించగలను.

పాట గురించి అడిగావు. కాగితం చూశాను. అది ఆవాల ఆకు ఊరగాయ పెట్టే పాట. ఎంత ఉప్పు, ఎన్నాళ్ళు ఎండ, జాడీ మూత ఎలా కట్టాలి అని ఉంటుంది. మీ గుడ్లాయనకి వాళ్ళమ్మ ఊరగాయ గుర్తొచ్చి ఉంటుంది.

వాణ్ణేమీ అనకు. నాలుగు రోజులాగు, దానంతటదే సర్దుకుంటుంది. నేను చూసుకుంటాను. అంటే దేవుడు చూసుకుంటాడు.

ఆశీస్సులతో,
బిలాన్

తా.క.: ఆ గడ్డం ఆవిడ తప్పు కాదని విన్నాను. ఏదో ఫిల్టరట, యంత్రం దానంతటదే చెక్కేస్తుందట. మనిషి గడ్డం గురించి అంత మాట అనకూడదమ్మా.


బ్యూనస్ ఐరిస్
మే, చలి మొదలైంది

బిలాన్ వదినగారికి,

యాన్‌చ్యూ రాసేది. ఈసారి నమస్కారం చివర్లో పెడతాను, అప్పటికి పెట్టాలనిపిస్తే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. నేను ఆవిడ ఎవరని అడిగాను. మీరు పెళ్ళిళ్ళ పేరయ్యలా గుణగణాలు రాశారు. ఒళ్ళొంచి బతుకుతుంది, మనసు వెన్న, ఇసుక ఉండదు. ఇంకా జాతకం ఒక్కటే పంపలేదు. వదినా, సూటిగా అడుగుతున్నాను. ఈ సంబంధం మీరే చూశారా? బక్కపిల్ల మన ఇంటికి పనికిరాదని మీ ఊళ్ళోనే ఒక దిట్టమైనదాన్ని వెతికిపెట్టారా?

ఇప్పుడేం జరిగిందో వినండి. మీ ఉత్తరం వచ్చే ముందే ఆవిడ మా ఆయన్ని పెద్దన్నయ్యా అనడం మానేసింది. ఈయన రాకెట్ వదిలితే తల పక్కకి తిప్పుకుని ఆల్చిప్పలతో మాట్లాడుకుంది. మర్నాడు ఏకంగా ఆయన్ని తన లైవ్ గదిలోంచి గెంటేసింది. "మీకు ప్రవేశం లేదు" అని వచ్చింది. ఆ రోజు మీ తమ్ముడు అన్నం ముట్టలేదు. బీరు పెట్టెల మీద కూర్చుని గోడకేసి చూస్తున్నారు. రోజూ దుకాణానికొచ్చే సిల్వియా గారు, "మీవారికి ఎవరైనా పోయారా?" అని పరామర్శించి వెళ్ళింది. అలిగి వెళ్ళిపోయిన ప్రియురాలి కోసం మనిషి ఇంతకంటే ఏం ఏడుస్తాడు? ఏమీ లేకపోతే ఆవిడ అలగడమెందుకు, ఈయన కుమలడమెందుకు?

అంతటితో ఊరుకున్నారా? వేరే పేరుతో మళ్ళీ చేరాలని చూశారు. కొత్త పేరుకి అక్కడి ఫోన్ నంబరు కావాలి, దానికి ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. మీ ఇద్దరి మాటలూ ఫోన్లోనే ఉన్నాయి, చదివాను.

"అక్కా, ఒక కోడ్ వస్తుంది, చెప్పు."

"దేనికిరా?"

"పిల్లలకి లెక్కలు నేర్పే యాప్."

మాకు పిల్లలు లేరు వదినా. ఆ సంగతి మీకంటే బాగా ఎవరికీ తెలియదు, ఏటా పండక్కి అడుగుతారు కదా. అయినా మీరు మారుమాట్లాడకుండా అంకెలు పంపించారు. ఆయన ఆ అంకెలతోనే తిరిగి ఆవిడ గదిలోకి దూరారు.

ఇక నాకు ఓపిక లేదు. ఆయన బట్టలు మాతే పెట్టెల్లో సర్దాను. అవి ఆయనకిచ్చేసి, కొట్టులో నా సగం తీసుకుని, రొసారియోలో మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. మీ జవాబు వచ్చేదాకా మాత్రం ఆగుతాను, ఎందుకంటే నాకు వెళ్ళాలని లేదు. అది కూడా రాయాల్సి వచ్చినందుకు ఏడుపొస్తోంది. మీరు నిజంగా నా వైపే అయితే ఆవిడ ఇంటికి వెళ్ళి, ఆ కోడిగుడ్డు మొహం పీకి, అడుగున ఏముందో నాకు రాయండి.

యాన్‌చ్యూ

తా.క.: నమస్కారం పెట్టాలనిపించలేదు.

మరో తా.క.: పాలకోవా ఇక బంద్.


గావ్‌షాన్
జూన్ మొదట్లో

నా తల్లి యాన్‌చ్యూకి,

బిలాన్ రాసేది. నువ్వు చెప్పినట్టే వెళ్ళి ఆవిడ మొహం పీకాను. పెద్ద దూరం నడవలేదు. ఫోన్లో ఫిల్టర్ తీసేసి చూసుకున్నాను. అడుగున నేనున్నాను.

మళ్ళీ చదువుకోనక్కర్లేదు, సరిగ్గానే చదివావు. ఆల్చిప్పల చెల్లిని నేనే.

మా ఆయన పోయాక దళారులు ఆల్చిప్పలకి ఇచ్చే ధర చూసి నోరు చేసుకున్నాను. నోరు చేసుకుంటే ధర పెరగదు కదా. సంతలో ఫోన్లు బాగుచేసే పిల్ల ఒకతి, "అత్తా, నువ్వు అందర్నీ ఉచితంగా ఎందుకు తిడతావు, లైవ్ పెట్టి తిట్టు" అంది. ముందు నా మొహంతోనే పెట్టాను. ఒక ముసలాయన మాత్రం వచ్చి, ఇది వాతావరణ వార్తలా అని అడిగి వెళ్ళిపోయాడు. అప్పుడా పిల్ల ఏదో నొక్కింది, నా మొహం మీద ముప్పై ఏళ్ళు తుడిచేసింది. గడ్డం కూడా అదే చెక్కింది. జనం వచ్చారు. నేను తిన్నగా, మర్యాదగా బతుకుతున్నాననుకున్నాను.

ఆ సముద్రమెవరో నాకు నిజంగా తెలియదమ్మా. ఏ ఓడలోనో పనిచేసే పెద్దమనిషనుకున్నాను. నీ ఉత్తరంలో ఆ పేరు చూసిన రోజు మా నాన్న పటం వైపు చూడలేకపోయాను. ముక్కు తుడిచి పెంచిన తమ్ముణ్ణి పట్టుకుని, చేతులు జోడించి, పెద్దన్నయ్యా అన్నాను. పైగా వాడి దగ్గర పైసా తీసుకోనని ఊరంతా చాటుకున్నదాన్ని. అందుకే గెంటేశాను. వాడు మళ్ళీ నా గదిలోకి రావడానికి ఓటీపీ నన్నే అడిగాడు. ఏమని కాదనను? ఎందుకివ్వవని అడిగితే ఏం చెప్పను? ఇచ్చి, వాడు కొత్త పేరుతో వస్తుంటే పళ్ళు బిగబట్టుకుని చూశాను.

కాబట్టి నీ కాపురానికి అడ్డమొచ్చింది నేనే. కానీ ఒక మాట నిజాయితీగా చెబుతున్నాను. దీంతో నా మీద పడ్డ మచ్చ పోయింది కానీ వాడిది పోలేదు. వాడు చూసింది నన్ను కాదు, ఆ కోడిగుడ్డు మొహాన్నే. ఎవరో తెలియని పడుచుపిల్ల అనుకునే రాకెట్లు వదిలాడు. ఇది నాకూ మంటగానే ఉంది. వాణ్ణి తిట్టు, బస్తాలు మోయించు, ఒక నెల ఊరగాయతో అన్నం పెట్టు. ఇల్లు మాత్రం విడవకు. ఆ పిల్ల ఎవరో మాత్రం వాడికి చెప్పకు, సిగ్గుతో చచ్చిపోతాడు. నేను వాడికంటే ముందు పోతాను.

నీ జవాబు రాగానే లైవ్ మూసేస్తాను. తిండికేం లోటు లేదు. ఆల్చిప్పలున్నాయి.

నిన్ను బక్కపిల్ల అన్నందుకు కూడా కలిపి క్షమించమని అడిగే
నీ వదిన
బిలాన్

తా.క.: ఆ పాట ఊరగాయది కాదు. పడవెక్కి వెళ్ళిపోయి తిరిగి రానివాణ్ణి గట్టున నిలబడి తిట్టే పాట. మీ గుడ్లాయనకి అందుకే లెక్క తప్పింది.

మరో తా.క.: వాడు పంపినదాంట్లో సగం కంపెనీ మింగేసింది. మిగతా సగంతో ఫ్రిజ్ కొన్నాను. నీ కాపురం కూలితే ఆ ఫ్రిజ్ తలుపు నేను ఏ మొహంతో తెరవను?


బ్యూనస్ ఐరిస్
జూన్ చివర

పూజ్యులైన మా వదినగారికి,

యాన్‌చ్యూ వెయ్యి నమస్కారాలతో రాసేది. కిందటి ఉత్తరంలో బాకీపడ్డవి కూడా ఇందులోనే ఉన్నాయి.

మీ ఉత్తరం బస్తాల వెనక నిలబడి చదివాను. చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత మీరు అన్న మాటే బుర్రలో పురుగులా తొలిచింది. ఆవిడ మీరే కావచ్చు, ఈయన మాత్రం పడుచుపిల్ల అనుకునే కదా పంపారు. ఆ ఒక్క మాటతో పెట్టెలు మళ్ళీ తాడేసి కట్టాను. తిన్నగా గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి, "ఆ ఆల్చిప్పలావిడ ఎవరో నాకు తెలిసిపోయింది" అన్నాను.

ఆయన చిల్లర లెక్కపెడుతున్నారు. తల ఎత్తలేదు. "తెలిస్తే మెల్లగా అను. అక్కకి తెలిసిపోతే మళ్ళీ గెంటేస్తుంది" అన్నారు.

నేను అక్కడే ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాను.

"మీకు తెలుసా?"

"మొదటి రోజు నుంచి. ఊరివాళ్ళ మాట వినాలనిపించి స్వదేశాగమనం పెట్టించుకున్నాను. వెతుకుతుంటే ఎవరో తెలియని పిల్ల కనిపించింది. దాటిపోబోయాను. ఇంతలో ఎవడో ఆల్చిప్పలు చిన్నగా ఉన్నాయన్నాడు. ఆ పిల్ల, 'నీ అన్నం గిన్నెలో ఎండ్రకాయ నడవ' అని తిట్టింది. అది మా నాయనమ్మ తిట్టు. మా ఇంట్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. మొహం ఎవరిదైతే నాకేం, నోరు మా అక్కది."

"మరి తెలిసి కూడా ఆ రాకెట్లేమిటండీ? తిన్నగా డబ్బు పంపొచ్చు కదా?"

అప్పుడు చెప్పారు వదినా. ఏటా పండక్కి మీకు ఫోన్లో డబ్బు పంపేవారట. మీరు నొక్కి తీసుకోరట. తీసుకోకపోతే ఒక రోజు గడిచాక అది దానంతటదే తిరిగొచ్చేస్తుంది కదా. వచ్చినప్పుడల్లా బస్తాల వెనక్కి వెళ్ళి కూర్చునేవారట. నేను అది సరుకు చూడటమనుకున్నాను.

"రాకెట్ తిరిగి రాదు. వదిలామంటే వదిలినట్టే. అక్క కావాలన్నా వెనక్కి పంపలేదు" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన్ని నేను ఎంతెంత మాటలన్నానో, మిమ్మల్ని ఎన్ని అనుకున్నానో తలుచుకుని కొట్లోనే ఏడ్చాను. సిల్వియా గారు చూసి, ఈసారి నిజంగానే ఎవరో పోయారనుకుని వెళ్ళి పూలు తెచ్చింది. అవి ఇప్పుడు గల్లాపెట్టె మీద ఉన్నాయి. బాగున్నాయి.

"సగం కంపెనీ తినేస్తుందటండీ" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"తిననీ. పుట్టినప్పటి నుంచి అక్క నన్ను ఒరేయ్, సన్నాసీ, చీమిడిముక్కూ అనే పిలిచింది. పెద్దన్నయ్యా అని చేతులు జోడించింది. ఆ సగం దాని ధర అనుకో" అని, ఎంత హాయిగా నవ్వారో.

గెంటేసిన రోజున అన్నం మానడం కూడా అందుకే. ఇక డబ్బు పంపే దారి మూసుకుపోయిందని. మళ్ళీ దారి తెరవమని మిమ్మల్నే ఓటీపీ అడగడం మాత్రం కాస్త కొంటెతనమేనని ఒప్పుకున్నారు. పిల్లల లెక్కలని అన్నందుకు నా చేత నాలుగు తిన్నారు.

ఇదంతా మీతో చెప్పొద్దని మాట తీసుకున్నారు. నేను చెప్పడం లేదు. రాస్తున్నాను.

లైవ్ మూస్తే నా మీద ఒట్టే. మూశారంటే మీ తమ్ముడు మళ్ళీ బీరు పెట్టెల మీద కూర్చుంటారు, వ్యాపారం పాడవుతుంది. ఏమీ తెలియనట్టే ఉండండి. ఆయన్ని పెద్దన్నయ్యా అనండి. మీకు పళ్ళు బిగబట్టుకోవడం బాగా వచ్చుగా. పెట్టెలు విప్పేశాను. బట్టలన్నీ మాతే వాసన.

ఇట్లు,
మీ బక్కపిల్ల
యాన్‌చ్యూ

తా.క.: పాలకోవా రెండు డబ్బాలు పంపుతున్నాను. ఒకటి మీకు, ఒకటి తెచ్చేవాడు దారిలో తినడానికి.

మరో తా.క.: మీ గదిలోకి రావడానికి నేనూ ఒక పేరు పెట్టుకున్నాను, "జియాంగ్‌షీ మిరపకాయ" అని. రాకెట్ పంపేంత మంచిదాన్ని ఇంకా కాలేదు, గులాబీతో మొదలుపెడతాను. మీ నంబరే ఇస్తాను, ఓటీపీ వస్తుంది. దాన్ని ఉత్తరంలో రాసి పంపకండి వదినా, అది ఐదు నిమిషాలే బతుకుతుందట. ఫోన్ చెయ్యండి, ఇక దాచుకునేదేముంది. మొహం కనిపించేలా చెయ్యండి. యంత్రం చెక్కినది వద్దు, మీదే.